లేని దారిలో వచ్చిన సర్వేయర్ సార్

మా బాపు ఇచ్చిన రెండెకరాల్లో ఒక మూలకు, 5 గుంటల్లో, చిన్న ఇల్లు కట్టుకుందామనుకున్నాను. ఇంతవరకూ నేరమేమీ లేదు. ఆ తర్వాతే బుద్ధి గడ్డి తిని, కట్టేముందు అనుమతి అడిగాను.

అడిగాక తెలిసింది, వరి పండిన నేల మీద ఇటుక పెట్టాలంటే ముందు ఆ నేల చేత వ్యవసాయం మాన్పించాలట. దీనికి మా తెలంగాణలో 2006 నుంచీ ఒక చట్టం ఉంది. ముద్దుగా 'నాలా' అంటారు. మోరీ అనుకునేరు, కాదు. అయితే డబ్బులు మాత్రం అటే పోతాయి. ప్రభుత్వ విలువలో 3 శాతం కట్టి, స్లాట్ బుక్ చేసుకుని, తహసీల్దారు ముందు వేలిముద్ర వేస్తే ఆ 5 గుంటలూ ఆ క్షణం నుంచి రైతుబిడ్డలు కావు. సరే, కట్టాను. ఇక ఇంటి పర్మిషనే మిగిలింది కదా అనుకున్నాను.

"ఇంటికి దారి ఏది?" అన్నారు ఆఫీసులో.

ఆ దారి చూడటానికి సర్వేయర్ సార్ స్వయంగా బండి మీద వచ్చారు. చింతచెట్టు కింద స్టాండు వేసి, బ్యాంకు మేనేజరు జామీను అడిగినట్టు మళ్ళీ అదే మాట: "ఇంటికి దారి ఏదయ్యా?"

"మీరొచ్చిందే సార్."

సార్ నక్షా విప్పారు. బండి ట్యాంకు మీద పరిచి, గాలికి ఎగరకుండా ఒక మూలన హెల్మెట్ పెట్టి, వేలితో మా సర్వే నంబరు చుట్టూ ప్రదక్షిణం చేశారు. "ఇది నక్షాలో గీసిన బాట కాదు. ఇక్కడ దారి లేదు."

"మరి మీరెట్లా వచ్చారు సార్?"

దీనికి రికార్డులో జవాబు లేదు. మా తాత బండి కట్టింది ఈ బాట మీదే. చక్రాల గాళ్ళు ఇప్పటికీ మోకాలి లోతున ఉన్నాయి. మా బర్రె రోజుకు రెండుసార్లు ఇదే బాటన, ఏ ఎన్‌ఓసీ లేకుండా వచ్చిపోతుంది. అప్పుడే ఎదురుగా వస్తూ సార్ బండి దగ్గర ఆగింది కూడా. సార్ హారన్ కొట్టారు. లేని దారిలో అడ్డం వచ్చిందని! చివరికి "దారి లేదు" అని రాసి, సంతకం పెట్టి, ఆ దారినే వెళ్ళిపోయారు.

ఈలోగా 2025 ఏప్రిల్‌లో భూముల రికార్డుల పోర్టల్ ధరణి పోయి, దాని చోట భూభారతి వచ్చింది. మా బాట రెండింటికీ కనపడలేదు.

పక్క ఊళ్ళో మాత్రం పచ్చని పొలంలో రాత్రి జేసీబీ దిగింది. తెల్లారేసరికి 40 అడుగుల రోడ్డు, హద్దురాళ్ళు, ఏనుగు బొమ్మల ఆర్చి. దారి ఏదని ఆ వెంచరు వేసినవాణ్ణి ఎవరూ అడగలేదు. ఇలాంటి అనుమతి లేని వెంచర్లలో కొన్న ప్లాట్లకే 2020లో ఎల్‌ఆర్‌ఎస్, అంటే రుసుము కట్టించుకుని ప్లాటును క్రమబద్ధం చేసే పథకం, పెడితే, వెయ్యేసి రూపాయలు కట్టి 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. 2025లో తొందరగా కట్టినవాళ్ళకు 25 శాతం రాయితీ కూడా ఇచ్చారు. కొన్నవాళ్ళ మీద నాకు కోపం లేదు, కూతురి పెళ్ళికని దాచుకున్నది పోసి మోసపోయినవాళ్ళు వాళ్ళు. అమ్మినవాడేడి? జరిమానా కొన్నవాడికి, లాభం అమ్మినవాడికి, తిప్పలు అనుమతి అడిగినవాడికి. ఇదేం లెక్క? చెప్పకుండా చేసినవాడికి రాయితీ ఇచ్చి, చేతులు కట్టుకుని అడిగినవాణ్ణి దొంగలా నిలబెట్టడానికా ఇన్ని కుర్చీలు, ఇన్ని ముద్రలు?

పోనివ్వండి. మోటరుకు గది వేసుకుంటే ఎవరూ ఏమీ అనరని మా తమ్ముడు చెప్పాడు. వేశాం. మోటరుకు గాలి ఆడాలని రెండు కిటికీలు పెట్టించాం. పోయిన వారం పొయ్యి గట్టు కూడా పోశాం, మోటరు ఆకలికి ఆగదు. మంచం రేపు వస్తుంది, అదే బాటన, ట్రాక్టరు మీద.