వెళ్లే హక్కు, చేరే హక్కు, ఉన్నచోట హక్కు

వలసల మీద నేను చదివిన ఒక వ్యాసంలో, సరిహద్దును నియంత్రించే అధికారం దేశానిదే కాబట్టి, అనుమతి లేకుండా వచ్చినవారు హక్కుల గురించి మాట్లాడడం అసంబద్ధమని వ్యాసకర్త తేల్చేశారు. ఇందులో రెండు వేర్వేరు ప్రశ్నలు కలగలిసిపోయాయి. ఎవరిని లోపలికి రానివ్వాలన్నది ఒకటి. వచ్చి ఉన్న మనిషితో రాజ్యం ఎలా వ్యవహరించాలన్నది మరొకటి. మొదటిదానిలో వ్యాసకర్త వాదనకు బలం ఉంది: 1948 నాటి సార్వత్రిక మానవ హక్కుల ప్రకటనలోని 13వ అధికరణ ఏ దేశాన్నైనా విడిచి వెళ్లే హక్కును, స్వదేశానికి తిరిగివచ్చే హక్కును గుర్తించిందే తప్ప, పరాయి దేశంలో ప్రవేశించే హక్కును ప్రస్తావించలేదు. (వెళ్లడానికి తలుపు తెరిచి, చేరడానికి చోటు చూపని ఈ వింత మీద మరో వ్యాసమే రాయవచ్చు.)

రెండో ప్రశ్న అంత తేలిగ్గా తెగదు. ఆరు వారాలు పనిచేయించుకున్న గుత్తేదారు ఒక భవన నిర్మాణ కూలీకి డబ్బు ఎగ్గొట్టాడనుకుందాం. ఫిర్యాదుకు వెళ్లిన ఆ కూలీని అధికారి అడిగే మొదటి మాట ‘నీ పత్రాలేవి?’ అన్నదైతే, వేతన చట్టం ఉండీ అతడికి లేనట్టే. ఆ సంగతి గుత్తేదారుకు ముందే తెలుసు. అందుకే తత్త్వవేత్త జోసెఫ్ కారెన్స్, ఇలాంటి ఫిర్యాదుల్లోనో ఆసుపత్రిలోనో ఇచ్చిన వివరాలు వలస నియంత్రణ విభాగానికి చేరకుండా అడ్డుగోడ ఉండాలని వాదించారు. 1937లో జర్మనీ పౌరసత్వం కోల్పోయి, 1951లో అమెరికా పౌరురాలయ్యే వరకు ఏ దేశానికీ చెందకుండా బతికిన రాజకీయ చింతకురాలు హన్నా ఆరెంట్ ‘హక్కులు కలిగి ఉండే హక్కు’ అన్నది ఇలాంటి శూన్యాన్ని స్వయంగా చూసే. సార్వభౌమాధికారాన్ని వేలెత్తి చూపకుండానే ఆ గోడ కట్టవచ్చు. వ్యాసంలో దాని ఊసే లేదు.