సవరణ: నోటితో గాలి పీల్చడం గురించి రాసింది తప్పు

బడి పిల్లల నోటి అలవాట్ల మీద పోయిన వారం రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి.

ఒకటి చిన్నది. ఏ వయసులో వేలు చీకినా పళ్లు ఎత్తుగా వచ్చేస్తాయన్నాను. చాలామంది పిల్లలు 2 నుంచి 4 ఏళ్ల మధ్య తమంతట తామే మానేస్తారు. 6, 7 ఏళ్లకు కొత్త ముందుపళ్లు వస్తున్నా మానకపోతేనే టెన్షన్. పైపళ్లు ముందుకు తోసుకొస్తాయి, పళ్లు బిగించినా ముందువైపు సందు ఉండిపోవచ్చు.

రెండోదే పెద్దది. నోటితో గాలి పీల్చడాన్ని గోళ్లు కొరకడం, పెన్సిల్ నమలడం సరసన చేర్చి, నోరు మూసుకోమని గుర్తుచేస్తుండమన్నాను. ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ అనే మెత్తటి కండ పెరిగినా, అలర్జీతో ముక్కు దిబ్బడేసినా పిల్లవాడికి వేరే దారేది? మూసుకోమంటే ఎలా మూసుకుంటాడు పాపం! రాత్రి గురక, పొద్దున్నే ఎండిపోయిన పెదాలు, దిండు మీద చొంగ మరక కనిపిస్తుంటే ముందు చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. ముక్కు బాగయ్యాక కూడా నోరు తెరిచే ఉంటే అప్పుడు అలవాటు అనుకోవచ్చు.

వేలు చీకడం మాన్పించడానికి వేలికి చేదు మందు పూయొచ్చని ఆ పోస్టులో అన్న మాట అలాగే ఉంచాను. కాకపోతే పిల్లలకు చెప్పి, ఒప్పించి పూయాలి, నిద్రలో దొంగచాటుగా కాదు.