కొమ్ములున్న ప్రతివాడూ ఎద్దు కాదు

జీవరాశులు 84 లక్షలనీ, అవన్నీ తిరిగి తిరిగి వస్తే గానీ నరజన్మ దొరకదనీ మన పెద్దలు లెక్కగట్టి చెప్పారు. అంత కష్టపడి ఇక్కడిదాకా వచ్చిన మనిషి ఇప్పుడేం చేస్తున్నాడు? సాయంత్రం ఇంటికొచ్చి, నాలుగు మెతుకులు తిని, కంప్యూటర్ ముందు కూర్చుని, మళ్ళీ ఎద్దుగానో నక్కగానో శవంగానో పుట్టడానికి నెలనెలా చందా కడుతున్నాడు. ఆన్‌లైన్ ఫాంటసీ గేముల్లో ఆటగాళ్ళకు మానవేతర జాతులను ఇవ్వవచ్చా, కూడదా అన్న ఈ గంభీరమైన ప్రశ్నకు ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ చోటు దక్కలేదు. కాబట్టి ఆ భారం నా నెత్తిన పడింది.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. ఇవ్వవచ్చు. కానీ ఇచ్చేదేదో నిఖార్సుగా ఇవ్వాలి. ఇప్పుడు అమ్ముతున్నది మాత్రం కల్తీ సరుకు.

సాక్ష్యానికి దూరం పోనక్కర్లేదు, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే గేము చాలు. 2004 నవంబరులో అది మొదలైనప్పుడు ఆటగాడి ముందు ఎనిమిది జాతులు పెట్టారు. అందులో మనుషుల జాతి ఒక్కటే. మిగిలినవాటిలో నాకు బాగా నచ్చింది టారెన్. పశువు ముఖం, కొమ్ములు, గిట్టలు, తోక. నిలబడితే గుడి ముందు నందీశ్వరుడు లేచి వచ్చినట్టుంటుంది. ఈ జాతికి పుట్టుకతోనే మూలికలు కోసే విద్యలో నేర్పు ఎక్కువ. నా అనుమానం సరిగ్గా ఇక్కడే మొదలైంది. పచ్చటి ఆకు కోసి, ఒక్కటంటే ఒక్కటి నోట్లో వేసుకోకుండా, సంచిలో సర్దుకుని, ఆక్షన్ హౌస్‌కి పోయి, పక్కవాడి ధర చూసి, అంతకంటే ఒక్క రాగి నాణెం తగ్గించి అమ్మకానికి పెట్టేది పశువెలా అవుతుంది? పక్కా షావుకారు. నెత్తిన కొమ్ములు ఉన్నంత మాత్రాన జీఎస్టీ ఎగ్గొట్టనిస్తామా?

2022లో ఇంకో ఘోరం జరిగింది. దాదాపు అన్ని జాతులవాళ్ళూ రోగ్ అవ్వచ్చని, అంటే దొంగ వృత్తిలోకి దిగవచ్చని అనుమతిచ్చేశారు. అప్పటి నుంచి టారెన్ కూడా చీకట్లో పిల్లిలా అడుగులేస్తూ వెనకనుంచి వచ్చి పొడుస్తున్నాడు. అంత బరువున్న పశువు గిట్టలతో రాతి నేల మీద నడుస్తుంటే చప్పుడు కాదట! పైగా ఆ గిట్టలకు బూట్లు కొంటాడు. కొన్న బూటు గిట్టల మీద కనపడి చావదు. అయినా పైసా పైసా కూడబెట్టి, ఇంతకంటే మంచి జత కోసం పది మందితో కలిసి రాక్షసుల గుహలో దూరతాడు. ఎవరికీ కనపడని చెప్పుల కోసం ప్రాణాలకు తెగించేది మనిషి తప్ప ఇంకెవరు?

ఇక ఫర్‌సేకన్. చచ్చి లేచినవాళ్ళు. పడి ఉన్న శవాన్ని పీక్కుతిని ఒంట్లోకి సత్తువ తెచ్చుకోగలరు. అక్కడిదాకా బాగానే ఉంది. గేము మొదలైన రోజుల్లో వీళ్ళు నీళ్ళలో అందరికంటే ఎక్కువసేపు ఊపిరి బిగపట్టగలిగేవాళ్ళు. ఎక్కువసేపు, అంతే. ఆ గడువు కాస్తా దాటితే మునిగి మళ్ళీ చచ్చేవాళ్ళు. చచ్చినవాడికి ఊపిరాడకపోవడమేమిటి స్వామీ అని అడిగిన పాపాన పోలేదు ఎవరూ. అంతకంటే విడ్డూరం ఇంకోటుంది. దయ్యాల మీద వేసే మంత్రాలు వీళ్ళ మీద కూడా పారితే ఎదుటిపక్షానికి మరీ సులువైపోతుందని, గేము లెక్కల్లో వీళ్ళను 'హ్యూమనాయిడ్', అంటే మనిషిలాంటివాళ్ళ పద్దు కింద రాసుకున్నారు. మా వీధి చివరి రిటైర్డు మాస్టారు బతికే ఉన్నానని ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకుంటే గానీ పింఛను పడదు. అక్కడ చచ్చినవాణ్ణి ఏ కాగితమూ అడక్కుండా మనుషుల్లో కలిపేశారు.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ అనే గేములో ట్రోల్ అనే రాక్షసజాతిలో పుట్టినవాడు దాని ఫలం అనుభవించేవాడు. మనుషుల ఊరి పొలిమేరలో కాలు పెడితే చాలు, కాపలావాళ్ళు మాటా పలుకూ లేకుండా నరికేసేవాళ్ళు. లెవెల్ పెరగడానికి కావలసిన అనుభవం పాయింట్లు కూడా తక్కినవాళ్ళకంటే మెల్లగా పెరిగేవి. పోనీ మనిషిగా పుడదామా అంటే రేచీకటి. పొద్దుగూకితే అడవిలో చెట్టేదో పులేదో తెలియదు. అటు మొనదేలిన చెవుల ఎల్ఫులూ, పొట్టి డ్వార్ఫులూ చీకట్లో చక్కగా చూసుకుంటూ తిరిగేవాళ్ళు. ఇంకా వెనక్కి వెళితే, ఈ సంతానానికంతటికీ మూలపురుషుడైన, బల్ల చుట్టూ కూర్చుని ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో, 1974 నాటి నిబంధనల ప్రకారం, డ్వార్ఫ్ యోధుడు ఆరో లెవెల్ దాటకూడదు, అంతకంటే పొట్టివాడైన హాబిట్ నాలుగో లెవెల్ దాటకూడదు. మనిషికి మాత్రం హద్దు లేదు. రిటైరయ్యేదాకా ప్రమోషన్ లేని గుమాస్తా పోస్టన్నమాట. అన్యాయమే, ఒప్పుకుంటాను. కానీ నువ్వు ఫలానా జాతి అని రోజుకు పదిసార్లు గుర్తుచేసే అన్యాయం అది. ఆ తర్వాత వచ్చిన గేములు ఇబ్బందులన్నీ ఒక్కొక్కటే పీకేసి, చెవులూ తోకలూ మిగిల్చాయి.

కంపెనీల బాధ నాకు తెలియనిది కాదు. అసలు సమస్య దర్జీ పని. గేములో వచ్చే ప్రతి చొక్కా, ప్రతి శిరస్త్రాణం, ప్రతి కవచం అన్ని జాతుల ఆడ, మగ ఒళ్ళకూ పట్టాలి. అందుకే జాతి ఏదైనా రెండు చేతులు, రెండు కాళ్ళు, మధ్యలో నడుము తప్పనిసరి. వార్‌క్రాఫ్ట్ సముద్రాల నిండా నాగులు బుసలు కొడుతూనే ఉంటారు. మాకూ నాగజాతి కావాలని ఆటగాళ్ళు ఏళ్ళ తరబడి మొరపెట్టుకుంటున్నారు. ఇంతవరకూ ఇవ్వలేదు. నడుము కింద పామైతే ప్యాంటెక్కడ తొడగాలి? అర్జునుడు ఉలూపిని పెళ్ళాడేముందు ఈ ప్రశ్న వేసుకున్నట్టు మహాభారతంలో ఎక్కడా కనపడదు.

ఎటూ మనిషి అచ్చే గనక, 2007లో ఆ ముసుగు కూడా తీసేశారు. వార్‌క్రాఫ్ట్‌లో ఉన్న రెండు పక్షాల్లో ఒకటైన హోర్డ్‌లో అంతా ఓర్కులనే రాక్షసులూ, ట్రోల్సూ, శవాలూ కావడంతో అటువైపు జనం పలచగా ఉండేవారు. అప్పుడు బ్లడ్ ఎల్ఫులను అటు చేర్చారు. సన్నని నడుము, నిగనిగలాడే జుట్టు, షాంపూ ప్రకటనలోంచి నేరుగా యుద్ధభూమికి వచ్చిన మొహాలు. అంతే, జనం ఎగబడ్డారు. రాక్షసుల పక్షాన పోరాడటానికి ఎవరికీ అభ్యంతరం లేదట, మొహం మాత్రం బాగుండాలట.

2022లో వచ్చిన డ్రాక్థిర్ సంగతి ఇంకా దారుణం. సాక్షాత్తూ డ్రాగన్ జాతి. రెక్కలున్నాయి, పొలుసులున్నాయి, నోట్లోంచి నిప్పు వస్తుంది. దానికి తోడుగా ఊళ్ళో తిరగడానికి ఒక మనిషి రూపం కూడా ఇచ్చారు! డ్రాగన్ ఒంటి మీద చాలా కవచాలు కనపడవు కాబట్టి, కొన్నవి చూపించుకోవాలంటే మనిషిగా మారాలి. జటాయువు రావణుణ్ణి అడ్డగించేముందు షేర్వాణీ తొడుక్కు రాలేదు. హనుమంతుడు రాముణ్ణి మొదటిసారి కలిసినప్పుడు భిక్షువు వేషంలో వెళ్ళాడు కదా అని మీరు అడ్డు తగలవచ్చు. వెళ్ళాడు. మాట్లాడటం కాగానే ఆ వేషం తీసేసి, అన్నదమ్ములిద్దరినీ వీపున ఎక్కించుకుపోయాడు. ఆ వేషంతో బజారులో పోజులివ్వలేదు.

జాతి నచ్చకపోతే 25 డాలర్లు కట్టి మార్చుకోవచ్చు. నహుషుడు కొండచిలువ కావడానికి అగస్త్యుడంతటివాడి శాపం కావలసి వచ్చింది, వదిలించుకోవడానికి ధర్మరాజు రావలసి వచ్చింది. ఇప్పుడు క్రెడిట్ కార్డు చాలు.

కనుక నా ప్రతిపాదనలు. టారెన్‌గా ఆడేవాడు గంటకోసారి పడుకుని నెమరు వేయాలి. ఆ సమయంలో ఎదురుగా గుహలోని బాస్ రాక్షసుడు ఉన్నా, తోటివాళ్ళంతా నేల కరిచినా లేవకూడదు. ఫర్‌సేకన్‌గా చేరాలంటే తహసీల్దారు సంతకంతో మరణ ధ్రువీకరణ పత్రం జతచేయాలి. డ్రాక్థిర్ మనిషి రూపంలో పట్టుబడితే రెక్కలు జప్తు.

ముసాయిదా ముందుగా మా మేనల్లుడికి చదివి వినిపించాను. వాడు గచ్చిబౌలిలో ఉద్యోగం, రాత్రిళ్ళు టారెన్. "మామయ్యా, పొద్దున మెళ్ళో పట్టీ వేసుకుని వెళ్తాను. గేటు దగ్గర ఆ పట్టీ చూపిస్తే లోపలికి వదులుతారు. వేళకి ఇంత పెడతారు, మళ్ళీ కట్టేస్తారు. నెమరు కూడా నువ్వే నేర్పాలా?" అన్నాడు. అభ్యంతరాలేవైనా ఉంటే రాతపూర్వకంగా కమిటీకి పంపుకోమన్నాను.

కమిటీ ఇంకా ఏర్పడలేదు. అధ్యక్ష పదవికి నా పేరు పరిశీలిస్తే కాదనను. క్యాబినెట్ హోదా, గౌరవ వేతనం, ఇద్దరు సిబ్బంది చాలు. వాహనంగా టారెన్లు ఎక్కే కోడో మృగాన్ని ఇస్తామంటే మాత్రం ఒప్పుకునేది లేదు. కారే కావాలి. దాని మీద బుగ్గ పెట్టడానికి 2017 నుంచి వీల్లేదంటున్నారు గనక, రెండు కొమ్ములు పెట్టించినా సర్దుకుంటాను.