ఫోన్‌కు పదిహేను రోజులు, పాటకు పది సెకన్లు

కొత్త ఫోన్ కొనాలంటే మనవాళ్లు చేసే కసరత్తు అంతా ఇంతా కాదు. పదిహేను రోజులు రివ్యూ వీడియోలు, రెండు మోడళ్లను పక్కపక్కన పెట్టే పట్టికలు, వాట్సాప్ గ్రూపులో వాదోపవాదాలు. తీరా ఫోన్ చేతికొచ్చాక, దానితో రోజూ చేసే పనుల్లో ముఖ్యమైన పాటలు వినడాన్ని మాత్రం ఆప్ దయకు వదిలేస్తారు. అది ఏది పెడితే అదే వినికిడి. నచ్చకపోతే పది సెకన్లలో తర్వాతి పాట. ఈ లెక్క తిరగబడాలన్నది మా వాదన. ఫోన్ ఎంపిక ఒక్క పూటలో తేలిపోయే పని. ఓపిక అంతా పాట వెతకడం మీద పెట్టాలి.

ముందు ఆ ఒక్క పూట పని చూద్దాం. పాటల వరకైతే ప్రాసెసర్ గురించి బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. మధ్యరకం ఫోన్‌లో ఉన్న ఏ చిప్‌కైనా పాట వినిపించడం ఒక లెక్క కాదు. స్టోరేజీకి మాత్రం లెక్క కట్టుకోవాలి. 320 కేబీపీఎస్ (సెకనుకు 320 కిలోబిట్ల) నాణ్యతలో పాట నిమిషానికి 2.4 ఎంబీ తింటుంది. ఐదు నిమిషాల పాట 12 ఎంబీ, వెయ్యి పాటలు 12 జీబీ. నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫార్మాట్‌లో అయితే దానికి రెండు మూడు రెట్లు. 128 జీబీ ఫోన్‌లో సిస్టమ్, ఆప్‌లు, ఫొటోలు, ఫార్వర్డ్ వీడియోలు పోను మిగిలే చోటు మీకు తెలిసిందే. డౌన్‌లోడ్ చేసుకుని వినే అలవాటుంటే 256 జీబీ తీసుకోండి, లేదా మైక్రోఎస్‌డీ కార్డు పట్టే మోడల్ చూసుకోండి. నెట్ మీదే వినేవారికి 128 చాలు.

అప్‌డేట్ల హామీ దగ్గర చాలామంది బోల్తా పడతారు. 2023లో పిక్సెల్ 8తో గూగుల్, 2024లో గెలాక్సీ ఎస్24తో శాంసంగ్ ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామన్నాయి. ఆ ఏడేళ్లు మోడల్ మార్కెట్లోకి వచ్చిన నాటి నుంచి లెక్క, మీరు కొన్న నాటి నుంచి కాదు. రెండేళ్ల పాత మోడల్ తగ్గింపులో దొరికిందంటే మీకు మిగిలింది ఐదేళ్లే. ఆ తగ్గింపు నిజంగా లాభమో కాదో అప్పుడు తేల్చుకోండి.

ఒక దేశంలో కొని ఇంకో దేశంలో ఉన్న అమ్మానాన్నలకు పంపేవారు పెట్టె మీద ఉన్న మోడల్ నంబరు చూడాలి. పేరు ఒకటే అయినా దేశాన్ని బట్టి నంబరు మారుతుంది, దానితోపాటు ఫోన్ అందుకునే నెట్‌వర్క్ బ్యాండ్లూ మారతాయి. అమెరికాలో అమ్మే ఐఫోన్లకు 14 నుంచి సిమ్ పెట్టే ట్రే అసలు లేదు, ఈ-సిమ్ ఒక్కటే గతి. మొబైల్ నెట్‌వర్క్ కంపెనీ దగ్గర వాయిదాల్లో కొన్న ఫోన్ చాలాసార్లు ఆ కంపెనీ నెట్‌వర్క్‌కే లాక్ అయి ఉంటుంది. అన్‌లాక్ చేయించకుండా పంపితే అక్కడ ఏ సిమ్మూ పట్టదు.

అసలు తిరకాసు శబ్దం బయటికొచ్చే దారిలో ఉంది. 2016లో ఐఫోన్ 7తో ఆపిల్ 3.5 ఎంఎం జాక్ తీసేసింది. తర్వాత తర్వాత ఖరీదైన ఫోన్లు చాలావరకు అదే బాట పట్టాయి. వైరు ఇయర్‌ఫోన్లు వదలలేనివారికి మిగిలింది యూఎస్‌బీ-సి అడాప్టర్. పైకి అన్నీ ఒకేలా ఉంటాయి గానీ లోపల రెండు రకాలు. ఒకదానిలో డిజిటల్ సంకేతాన్ని శబ్దంగా మార్చే చిన్న చిప్ ఉంటుంది, దాన్నే డాక్ (డీఏసీ) అంటారు. రెండోదానిలో వట్టి తీగలే. శబ్దంగా మార్చే పని ఫోనే చేసి యూఎస్‌బీ-సి పోర్టులోంచి పంపాలి, చాలా ఫోన్లు పంపవు. ఒక ఫోన్‌లో చక్కగా పలికిన అడాప్టర్ మరో ఫోన్‌లో మూగబోయేది ఇందుకే. పాడైందని పారేయకండి. కొనేటప్పుడు డాక్ ఉన్నదే అడిగి తీసుకుంటే ఈ గొడవ దాదాపు ఉండదు.

వైర్‌లెస్ సంగతి వేరు. బ్లూటూత్‌లో పాట సాధారణంగా ఉన్నదున్నట్టు రాదు. ఫోన్ దాన్ని మళ్లీ కుదించి పంపితే ఇయర్‌బడ్ విప్పుకుంటుంది. ఆ కుదించే పద్ధతే కోడెక్. ఎస్‌బీసీ అన్నిటిలోనూ తప్పనిసరిగా ఉంటుంది. ఐఫోన్లు దానితోపాటు ఏఏసీ వాడతాయి. ఆండ్రాయిడ్‌కు 2017లో వచ్చిన 8వ వెర్షన్‌తో సోనీ వారి ఎల్‌డీఏసీ కూడా చేరింది. ఇది 330, 660, 990 కేబీపీఎస్ మెట్ల మీద నడుస్తుంది. ఏ కోడెక్ అయినా అటూ ఇటూ రెండు చోట్లా ఉంటేనే పనిచేస్తుంది. లేదంటే ఉమ్మడిగా ఉన్నదానికి గుట్టుచప్పుడు కాకుండా దిగిపోతుంది. ఎల్‌డీఏసీ పేరు చూసి ఇయర్‌బడ్లు కొని ఐఫోన్‌కు తగిలిస్తే ఆ పేరుకు కట్టిన డబ్బు వృథా. మ్యూజిక్ ఆప్‌లో హై-రెస్ (అధిక నాణ్యత) ప్లాన్‌కు నెలనెలా కట్టి మామూలు బ్లూటూత్ మీద వినడమూ అంతే.

మీ ఆండ్రాయిడ్‌లో ఏది నడుస్తోందో చూడాలంటే సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌కు వెళ్లి బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కండి. డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి, అందులో బ్లూటూత్ ఆడియో కోడెక్ అని ఉంటుంది. జనం ఎక్కువున్న చోట 990 మీద పాట గతుకులు పడితే 660కి దించండి. బ్లూటూత్, చాలా వైఫైలు ఒకే 2.4 గిగాహెర్ట్జ్ గాలిలో కొట్టుకుంటాయి కాబట్టి ఇది మామూలే. ఇంత చెప్పాక ఒక మాట నిజాయితీగా చెప్పాలి: నడుస్తూ వినేటప్పుడు 990కీ ఏఏసీకీ తేడా పట్టగల చెవులు చాలా తక్కువ. ఇయర్‌బడ్ చెవిలో సరిగ్గా కూర్చోకపోతే వచ్చే తేడా మాత్రం ఎవరికైనా తెలుస్తుంది, మృదంగంలో లోతుగా పలికే తొప్పి వైపు నాదం అసలు వినిపించదు. పెట్టెలో అదనంగా ఇచ్చే రబ్బరు టిప్పులను చాలామంది ముట్టుకోరు. ముందు అవి మార్చి చూడండి.

పాట మధ్యలో ఉన్నట్టుండి పాత టెలిఫోన్‌లోంచి వస్తున్నట్టు మారిపోతే ఇయర్‌బడ్లను తిట్టకండి. ఏదో ఆప్ మైకు తెరిచింది, బ్లూటూత్ కాల్ మోడ్‌లోకి జారింది. మీటింగ్ ఆప్‌నో గేమ్‌నో పూర్తిగా మూసేస్తే పాట మళ్లీ దారిలో పడుతుంది. స్క్రీన్ ఆరిన కాసేపటికి పాట ఆగిపోతుంటే అది బ్యాటరీ పొదుపు చేసే నిర్వాకం. సెట్టింగ్స్‌లో ఆ మ్యూజిక్ ఆప్ బ్యాటరీ పేజీకి వెళ్లి అన్‌రిస్ట్రిక్టెడ్ అని పెట్టండి. స్పాటిఫై నాణ్యతలో 24, 96, 160, 320 కేబీపీఎస్ వంటి మెట్లున్నాయి. వైఫైకి, మొబైల్ డేటాకి, డౌన్‌లోడ్‌కి విడివిడిగా ఎంచుకోవాలి. డౌన్‌లోడ్ చేసుకున్నాం కదా అని ధీమా వద్దు, 30 రోజులకు ఒకసారైనా నెట్‌కు తగలకపోతే ఆ పాటలు పలకవు.

ఫోన్ పని అయిపోయింది. ఇక పాట.

ఆప్‌లు పాటలు సూచించే తీరు ప్రధానంగా ఒక లెక్క మీద నడుస్తుంది. మీరు విన్నవి విన్న ఇతరులు ఇంకేం విన్నారో చూసి అవి మీ ముందు పెడుతుంది. స్పాటిఫై 2015లో మొదలుపెట్టిన డిస్కవర్ వీక్లీ సోమవారం సోమవారం ఇచ్చే ముప్పై పాటల వెనుక కూడా ఈ లెక్కే పెద్ద దన్ను. మొదట్లో ముచ్చటగా ఉంటుంది, కొన్ని నెలలకు గానుగెద్దు తిరిగినట్టు అక్కడక్కడే తిరుగుతుంది. ఎక్కువమంది విన్నది ఇంకా ఎక్కువమందికి చేరుతుంది, ఎవరూ విననిది ఎవరికీ చేరదు. పైగా స్పాటిఫైలో 30 సెకన్లు దాటితేనే ఒక వినికిడిగా లెక్క. పది నిమిషాలు నెమ్మదిగా విచ్చుకునే ఆలాపనకు ఈ కొలబద్ద ఎలా సరిపోతుంది?

ఇంట్లో చిన్నపిల్లలుంటే సమస్య రెట్టింపు. అన్నం తినిపించేటప్పుడు పెట్టిన రైమ్స్ అన్నీ మీ అభిరుచిగా నమోదైపోతాయి. విరుగుడు ఉంది. స్పాటిఫైలో ఆ ప్లేలిస్టు మూడు చుక్కల మెనూలో ‘టేస్ట్ ప్రొఫైల్ నుంచి మినహాయించు’ అన్న ఆప్షన్ ఎంచుకోండి, లేదా ఆ కాసేపు ప్రైవేట్ సెషన్ పెట్టండి. ఆపిల్ మ్యూజిక్‌లో యూజ్ లిజనింగ్ హిస్టరీ ఆపేయవచ్చు. యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీ పాజ్ చేయాలి. నిద్రపోయేముందు ఆటోప్లే ఆపడమూ మరవద్దు. రాత్రంతా మీరు వినకుండా మోగినవి కూడా మీ ఖాతాలోకే వెళ్తాయి.

ఇదంతా చేసినా యంత్రం మీ గతాన్నే మీకు వడ్డిస్తుంది. నిజంగా కొత్తది కావాలంటే మనమే కదలాలి. మాకు అన్నిటికన్నా నమ్మకమైన దారి పేర్లు పట్టుకుని పోవడం. పాట నచ్చితే గాయకుల దగ్గర ఆగకండి. ఆ వేణువు ఎవరిది, మిక్సింగ్ ఎవరు చేశారు, రాసింది ఎవరు? ఆప్‌లోని క్రెడిట్స్ పేజీలో కొంత దొరుకుతుంది, మిగతాది డిస్కాగ్స్, మ్యూజిక్‌బ్రెయిన్జ్ సైట్లలో వెతకాలి. పక్కవాద్య కళాకారుల పేరుతో వెతికితే వారు వాయించిన మరో పది కచేరీలు బయటపడతాయి. తెలుగు పాటలకు ఈ పని కాస్త కష్టమే. చాలా చోట్ల సంగీత దర్శకుణ్నే ఆర్టిస్టుగా వేసి గీత రచయితను వదిలేస్తారు. ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకే పాట నాలుగు రకాల స్పెల్లింగులతో తిరుగుతుంది. అందుకే తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లిష్ అక్షరాల్లో దీర్ఘాలు మార్చి రెండుసార్లు వెతకండి. వచ్చే ఫలితాలు వేరు వేరుగా ఉంటాయి.

ఇంకో దారి రాగం. హిందోళం మీకిష్టమైతే మాల్‌కౌన్స్ అని వెతకండి. అవే స్వరాలు, హిందుస్తానీ నడక. మోహనం నచ్చితే భూపాలీ. అక్కడితో ఆగనక్కర్లేదు, ఆ ఐదు స్వరాల వరస చైనా సంప్రదాయ సంగీతంలోనూ, స్కాట్లండ్ జానపద బాణీల్లోనూ ఉంది. వాటిలో ఒక్కొక్కటి విని మళ్లీ నాదస్వరం మీద మోహనం వింటే, స్వరాలు అవే అయినా స్వరాన్ని ఊపే గమకం ఎక్కడ ఎలా పనిచేస్తోందో చెవికి పట్టుబడుతుంది. ‘మీలాంటివాళ్లు విన్నవి’ అనే లెక్కకు ఈ చుట్టరికం దొరికే అవకాశం తక్కువ. హిందోళం వినేవారంతా మాల్‌కౌన్స్ వినరు కదా.

మూడోది మనుషులు నడిపే రేడియో. రేడియో గార్డెన్ అనే సైట్‌లో భూగోళాన్ని తిప్పి ఏ ఊరి మీద చుక్క కనిపిస్తే ఆ ఊరి స్టేషన్ వినవచ్చు. నచ్చిన పాట పేరు తెలియకపోతే షాజామ్ ఆప్‌ను అడగండి. అది రికార్డును శబ్దపు ముద్రలతో పోల్చి గుర్తుపడుతుంది, అందుకే కచేరీలో అప్పటికప్పుడు పాడుతున్నది దానికి అందదు. కూనిరాగంతో వెతకాలంటే గూగుల్ ఆప్‌లో 2020 నుంచి ఆ వీలుంది. దొరికిన కళాకారులు పెద్ద కంపెనీల బయటివారైతే, కళాకారులే తమ పాటలు అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైట్‌లో ఉన్నారేమో చూడండి. అక్కడ కొన్న ఆల్బమ్ ఫ్లాక్ ఫైళ్లుగా దిగుతుంది, మ్యూజిక్ ఆప్ సభ్యత్వం ఆగినా మీ దగ్గరే ఉంటుంది.

అలా కొన్న ఫైళ్లకు మంచి చోటు మీరు పక్కన పడేయబోతున్న పాత ఫోనే. జాక్ ఉన్న ఫోన్ అయితే మరీ మంచిది. సిమ్ తీసేసి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి, ఒక్క ప్లేయర్ ఆప్ మాత్రం వేసి, పాటలను కేబుల్‌తో మ్యూజిక్ ఫోల్డర్‌లోకి ఎక్కించి, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. కాల్స్ రావు, నోటిఫికేషన్లు రావు, కచేరీ చివరిదాకా సాగుతుంది. భద్రత నవీకరణలు ఆగిపోయిన ఫోన్‌లో బ్యాంకు ఆప్‌లు మాత్రం ఉంచవద్దు. వెనక మూత కొంచెమైనా ఉబ్బినట్టు కనిపిస్తే ఛార్జింగ్ పెట్టకుండా ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చేయండి.