సవరణ: అది నైట్రస్ కాదు, నైట్రిక్ ఆక్సైడ్

గుండె ఆపరేషన్ తర్వాత కుడి జఠరిక (ఊపిరితిత్తులకు రక్తం పంపే గుండె గది) బలహీనపడితే ఇచ్చే పీల్చే మందుల గురించి రాసిన గత పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. క్షమించండి.

"నైట్రస్ ఆక్సైడ్" అని రాశాను. అది మత్తుకు వాడే వాయువు. ఇక్కడ ఇచ్చేది నైట్రిక్ ఆక్సైడ్, సాధారణంగా పీల్చే గాలిలో పది లక్షల భాగాలకు 20 భాగాల చొప్పున. ఇది ఊపిరితిత్తుల రక్తనాళాలను వదులు చేసి కుడి జఠరిక మీద భారం తగ్గిస్తుంది. రక్తంలోకి చేరగానే హిమోగ్లోబిన్ దాన్ని పట్టేస్తుంది కాబట్టి ఒంట్లో బీపీ పెద్దగా పడిపోదు.

రెండో తప్పు ఇంకా ప్రమాదకరం. "మెరుగవగానే ఆపేయవచ్చు" అన్నాను. ఒక్కసారిగా ఆపితే ఊపిరితిత్తుల్లో ఒత్తిడి మళ్లీ ఎగబాకి ప్రాణం మీదకి రావచ్చు. మోతాదును గమనిస్తూ మెల్లగా తగ్గించాలి. ఊపిరితిత్తుల రక్తనాళాలను ఇలాగే వదులు చేసే మరో పీల్చే మందు ఎపోప్రోస్టెనాల్ విషయంలోనూ ఇంతే.