మనం ఉన్న ఊరికి మన పాట ఏది?

అమెరికా గాయకుడు బాబీ బేర్ 1963లో పాడిన 'డెట్రాయిట్ సిటీ' పాటలో ఒక కుర్రాడుంటాడు. అమెరికా దక్షిణాది పత్తి చేలు వదిలి పనికోసం డెట్రాయిట్ వచ్చాడు. పగలు కార్లు తయారుచేస్తాడు, రాత్రి బార్ల వెంట తిరుగుతాడు. ఇంటికి రాసే ఉత్తరాల్లో మాత్రం అంతా బాగుందనే రాస్తాడు. మావాడు గొప్పవాడయ్యాడని అక్కడివాళ్లు మురిసిపోతుంటారు. ఇతడికేమో ఎప్పుడెప్పుడు ఇంటికి వెళ్లిపోదామా అని ఉంటుంది.

ఈ కుర్రాడు మనవాడే. ఉద్యోగం పోయి, 60 రోజుల్లో దారి దొరక్కపోతే దేశం విడవాల్సిన హెచ్1బి పిల్లవాడు ఆదివారం ఉదయం వీడియోలో అమ్మతో 'ఆఫీసులో పని ఎక్కువగా ఉందమ్మా, అందుకే చిక్కాను' అని చెప్పడం మన మిషిగన్‌లో ఎన్ని అపార్ట్‌మెంట్ల గోడలు విన్నాయో! డానీ డిల్, మెల్ టిలిస్ అనే ఇద్దరు ఆ కార్ల కార్మికుడి అబద్ధాన్ని పాటగా కట్టారు. మన పిల్లవాడి అబద్ధాన్ని ఎవరు కట్టారు? ఉత్తర అమెరికా తెలుగువారి తొలి మహాసభ 1977లో న్యూయార్క్‌లో జరిగింది. అప్పటి నుంచి లెక్కవేసినా దాదాపు యాభై ఏళ్లు. డెట్రాయిట్ మీద, డాలస్ మీద, న్యూజెర్సీలోని ఎడిసన్ మీద మనందరి నోళ్లలో నానే తెలుగు పాట ఒక్కటీ లేదు. ఇది పెద్ద లోటు. దీన్ని మన సంఘాలే తీర్చాలి.

'ఇది మన ఊరు కాదు కదా, మనకెందుకు ఆ పాట' అనే పెద్దలున్నారు. వారికి సవినయంగా ఒక సంగతి చెబుతాను. ఈ దేశపు నగరాల మీద నిలిచిపోయిన పాటలు ఎన్నో బయటివాళ్లు కట్టినవే. 1914లో 'సెయింట్ లూయిస్ బ్లూస్' వెలువరించిన డబ్ల్యు.సి. హ్యాండీ అలబామా మనిషి. కుర్రతనంలో చేతిలో పైసా లేక ఆ ఊరి నది ఒడ్డున రాళ్ల మీద పడుకున్నవాడు. 1922 నాటి 'షికాగో' పాట కట్టిన ఫ్రెడ్ ఫిషర్ జర్మనీలో పుట్టాడు. శాన్ ఫ్రాన్సిస్కోలో మనసు వదిలివచ్చానని 1962లో టోనీ బెనెట్ గొంతులో లోకం విన్న పాటను, ఆ ఊరి మీద బెంగపెట్టుకున్న ఇద్దరు మిత్రులు బ్రూక్లిన్‌లో కూర్చుని రాశారు. 1969లో శాన్ ఫ్రాన్సిస్కో దాన్ని తన అధికారిక గీతం చేసుకుంది.

కాన్సస్ సిటీ సంగతి ఇంకా విచిత్రం. 1952లో 'కాన్సస్ సిటీ' పాట రాసిన లీబర్, స్టోలర్ పంతొమ్మిదేళ్ల కుర్రాళ్లు. అప్పటికి ఆ ఊరు చూడనైనా లేదు. విల్బర్ట్ హారిసన్ 1959లో పాడాక అది దేశమంతా మారుమోగింది. పాటలో పన్నెండో వీధి, వైన్ వీధి కలిసే మూల ఒకటి వస్తుంది. తర్వాతి కాలంలో పాత పేటలు కూల్చి కొత్తవి కట్టే పనుల్లో ఆ మూలే లేకుండా పోయింది. ఇప్పుడక్కడ పియానో ఆకారంలో ఒక పార్కు ఉంది. 2005లో నగరం ఆ పాటను సొంతం చేసుకుంది. మూల పోయినా దాని పేరు పాటలో బతికింది. వీధి పేరు పెట్టి రాయడంలో ఉన్న బలం అది. మన పాట కూడా 'అందాల నగరం, అద్దాల మేడలు' అంటూ ఏ ఊరికైనా అతికేటట్టు ఉంటే వ్యర్థం.

మనకు పాఠం చెప్పే పాట మరొకటి ఉంది, 'మిడ్‌నైట్ ట్రైన్ టు జార్జియా'. జిమ్ వెదర్లీ మొదట రాసింది హ్యూస్టన్‌కు అర్ధరాత్రి వెళ్లే విమానం గురించి. దాన్ని పాడబోయిన గాయని సిసీ హ్యూస్టన్‌ది జార్జియాలో మూలాలున్న కుటుంబం. తనవాళ్లు ఊరికి వెళ్లేది రైల్లోనే గాని విమానంలో కాదన్నది ఆమె మాట. విమానం రైలైంది, హ్యూస్టన్ జార్జియా అయింది. 1973లో గ్లాడిస్ నైట్ బృందం పాడింది ఆ మారిన పాటనే. తనవాళ్లు నిజంగా ఎక్కినదేదో అదే పాటలో ఉండాలని ఆమె పట్టుబట్టడం నాకు ఎంతో నచ్చుతుంది. మన పాటలో రైలు ఉండనక్కర్లేదు. 23 కిలోలు దాటిందేమోనని బాత్రూం తూకం మీద మళ్లీ మళ్లీ పెట్టి చూసే సూట్‌కేసు ఉండాలి. అందులో పచ్చడి సీసా చుట్టూ అమ్మ చుట్టిన పాత చీర ముక్క ఉండాలి.

పరాయి నేల మీద తెలుగు పాట మనకు కొత్త కూడా కాదు. త్యాగరాజస్వామి పూర్వీకులు కాకర్ల అనే తెలుగు ఊరి నుంచి తమిళ దేశం వెళ్లినవారు. ఆయన గోదావరిని తలుచుకుంటూ కూర్చోలేదు. తిరువయ్యారులో తన ఇంటి దగ్గర పారే కావేరిని చూసి, ఎలా తరలిపోతోందో చూడమంటూ అసావేరి రాగంలో తెలుగులో పాడారు. చెన్నై పక్కనున్న కోవూరు వెళ్తే అక్కడి సుందరేశ్వరుడి మీద అయిదు కృతులు చేశారు. ఉన్న చోటును తన భాషలోకి తెచ్చుకోవడం ఆయనకు అంత సహజం. మన పిల్లలు వేదికల మీద గోదావరి పాటలు చక్కగా పాడుతున్నారు, పాడాలి కూడా. కానీ వాళ్లు ఈత నేర్చుకున్న సెయింట్ క్లెయిర్ సరస్సు పేరు ఏ తెలుగు పాటలోనూ వాళ్లకు వినిపించదు. అది నాకు బాధగా ఉంటుంది.

ఒక తరం పాట మరో తరానికి సరిపోదు కూడా. 1968లో డియాన్ వార్విక్ పాడిన శాన్ హోసే పాట, లాస్ ఏంజెలిస్ జీవితంతో విసిగి, ఊపిరాడే విశాలమైన ఊరికి తిరిగి వెళ్దామనుకునే మనిషిది. అప్పటికింకా శాన్ హోసే ఉన్న లోయలో పండ్ల తోటలున్నాయి. ఇంటి అద్దెకే సగం జీతం పోస్తున్న నేటి శాన్ హోసే తెలుగు కుటుంబం ఆ పాట పాడుకోగలదా? వాళ్ల పాట వాళ్లే రాసుకోవాలి.

అందుకే నా ప్రతిపాదన ఇది. సంఘం ఏటా పాటల పోటీ పెట్టాలి. పాట పేరులో మన ఊరు ఉండాలి, పాటలో కనీసం ఒక వీధో, చెరువో, బజారో పేరుతో సహా ఉండాలి. సంతోషమే పాడాలన్న నియమం వద్దు. మంచులో కారు ఆగిపోయిన రాత్రి గురించి, తండ్రి చివరి చూపుకు అందుకోలేక విమానాశ్రయంలో కూలబడినవాడి గురించి రాసినా పాడనివ్వాలి. వరస కొత్తదై ఉండాలి, సినిమా పాటకు మాటలు మార్చినవి తీసుకోవద్దు. సినిమా తారలను రప్పించడానికి పెట్టే ఖర్చులో కొంత తీసి పాట రాసినవారికి, వరస కట్టినవారికి గౌరవంగా ఇవ్వాలి. న్యాయనిర్ణేతల్లో ఇక్కడ పుట్టిన పిల్లలు ఇద్దరైనా ఉండాలి, రేపు పాడవలసింది వాళ్లే కాబట్టి. ఉగాది సభలో కవి సమ్మేళనానికి సమయం ఇస్తూనే ఉన్నాం. వచ్చే ఉగాదికి ఈ పాటల కోసం మరో గంట కేటాయించమని కార్యవర్గాన్ని కోరుతున్నాను.