సరిహద్దు ఒక్కటే మాటా?

ఈ వారంలో ఒకే మెసేజీ నాలుగోసారి వచ్చింది. మొదట పాతపట్నం నుంచి బావమరిది పంపాడు. తర్వాత మా చెల్లెలు, ఆ తర్వాత నాతో చదువుకున్నవాళ్లు ఇద్దరు. పైన ‘మన భాష పేదరికం ఒప్పుకుందాం’ అని పెద్ద అక్షరాలు. కింద ఉన్నది ఇదీ: ఇంగ్లీషులో బోర్డర్, బౌండరీ, ఫ్రాంటియర్, ఎడ్జ్ అని నాలుగు మాటలున్నాయట, తెలుగులో అన్నిటికీ ‘సరిహద్దు’ ఒక్కటేనట, అదీ పరాయి మాటేనట. బోర్డర్ దేశాలదట, బౌండరీ ఆటస్థలానిదట, ఫ్రాంటియర్ యుద్ధం జరిగే చోటట. చివర్న ఒక తీర్పు: సరిహద్దు జిల్లాలవాళ్లు మాట్లాడేది తెలుగే కాదు, రెంటికీ చెడ్డ బోర్డర్ భాష.

నేను ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దును ఆనుకుని ఉన్న పర్లాకిమిడిలో పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. మా నాన్న దస్తావేజులు రాసేవారు. ఈ మెసేజీలో నన్ను తాకని ముక్క లేదు.

మెసేజీలో బోర్డర్‌ని ఇంగ్లీషు అక్షరాల్లో boarder అని రాశారు, స్పెల్లింగు తప్పు. అలా రాస్తే హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లాడని అర్థం. అది వదిలేస్తున్నాను.

బౌండరీ ఆటస్థలానిదైతే, 1947లో ఇండియా, పాకిస్తాన్ల మధ్య గీత గీయడానికి రాడ్‌క్లిఫ్ నడిపిన కమిషన్‌ని బౌండరీ కమిషన్ అని ఎందుకన్నారు? అంతకుముందు 1931లో ఓడొనెల్ అధ్యక్షతన వేసింది ఒరిస్సా బౌండరీ కమిటీ. మా పర్లాకిమిడి ఎటు ఉండాలో విచారించింది అదే. కొలిచి, మ్యాపు మీద గీయాల్సిన గీతని ఇంగ్లీషువాళ్లు బౌండరీ అంటారు. ఆ గీతను ఆనుకున్న ఊళ్లు, చెక్‌పోస్టు, రాకపోకలు అన్నీ కలిసి మనసులో ఉంటే బోర్డర్ అంటారు. ఇంగ్లండును ఆనుకున్న స్కాట్లండ్ ప్రాంతానికి బోర్డర్స్ అనే పేరు అందుకే. తోటలో పూలమొక్కల పట్టీ కూడా బోర్డరే. గీతకు వెడల్పుండదు, బోర్డర్‌కి ఉంటుంది.

ఫ్రాంటియర్‌లో ఫ్రంట్ కనబడగానే యుద్ధం అనేసుకున్నారు. లాటిన్‌లో ఆ మూలానికి అర్థం నుదురు. అంటే ఎదుటివాళ్లకేసి తిరిగి ఉన్న వైపు. బ్రిటన్‌లో రెండు దేశాల మధ్య హద్దుని ప్రశాంతంగా ఉన్న రోజుల్లో కూడా ఫ్రాంటియర్ అంటారు. అమెరికాలో ఆ మాట వేరే దారి పట్టింది. వలస వచ్చినవాళ్ల కాపురాలు ఎక్కడిదాకా సాగాయో ఆ కొస వాళ్లకు ఫ్రాంటియర్. అలాంటి గీత ఇంక లేదని 1890 జనాభా లెక్కల అధికారులు చెప్పారు. దాని మీదే 1893లో టర్నర్ అనే చరిత్రకారుడు పేరుపడ్డ వ్యాసం చదివాడు. అప్పటికే అక్కడ తరతరాలుగా ఉంటున్న ఆదివాసులకు మాత్రం అది దేనికీ కొస కాదు, సొంత ఇల్లు.

ఎడ్జ్ పాత ఇంగ్లీషులో కత్తి పదును. మనకు దానికి ‘వాదర’ ఉంది.

ఇక తెలుగులో ఒక్కటే మాట అన్నది. మా నాన్న రాసిన ప్రతి దస్తావేజులోనూ చెక్కుబంది, అంటే నాలుగు వైపులా హద్దుల వివరం, ఉండేది: తూర్పు ఫలానావారి జిరాయితీ, పడమర కాలువ, దక్షిణం బండి దారి, ఉత్తరం చెరువు గట్టు. రెండు చేల మధ్య గట్టుంటుంది, దాని మీద నడుస్తాం, కంది మొక్కలూ వేసుకుంటాం. పాతిన రాయి హద్దురాయి. మనిషి నడతకీ హద్దు ఉంటుంది, మీరితే పెద్దవాళ్లు కేకలేస్తారు. బరంపురం పట్టుచీరకు ఉండేది అంచు. రాజ్యాలకూ కీర్తికీ ఎల్లలు. ఊరికి పొలిమేర. ఆడపిల్లని అత్తారింటికి పంపేటప్పుడు పొలిమేర దాకా వెళ్తాం, ఎందుకంటే మన ఊరి పూచీ అక్కడిదాకానే. ఈ మాట ఇంగ్లీషులో చెప్పమంటే నాకు ఒక వాక్యం పడుతుంది.

సీమ సంగతి ఇంకా బాగుంటుంది. సంస్కృతంలో అది హద్దు. తెలుగులోకొచ్చి హద్దు లోపలి నేలంతా అయింది, రాయలసీమ చూడండి. తర్వాత సముద్రం అవతలి దేశం కూడా అయింది, సీమ సరుకు, సీమ దొర. పాపిట పేరుమీద జరిపే సీమంతమూ ఆ కుదురులోదే.

సరిహద్దు ఫారసీ ‘సర్హద్’ నుంచి వచ్చిందన్నది నిజం. మరి బోర్డర్, ఫ్రాంటియర్, బౌండరీలోని బౌండ్ మూడూ ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చినవే. తెచ్చుకున్న మాట వాళ్లకి సంపదైతే మనకి పేదరికం ఎలా అవుతుంది?

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. ఫ్రాంటియర్‌కి మనకు విడిగా మాట లేదు. ఇంగ్లీషులో ఫ్రాంటియర్ గాంధీ అనే ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్‌ని మనం సరిహద్దు గాంధీ అన్నాం. ఆ పేరులో చెప్పదలచింది గీతను కాదు, 1901లో పంజాబు నుంచి విడదీసిన ఆ వాయవ్య ప్రాంతాన్నంతా. తెలుగులో వింటే గీతే కనబడుతుంది, కొండలూ అక్కడి జనమూ కనబడరు. మెసేజీ రాసినవాళ్లు ఆ లోటొక్కటే చెప్పుంటే నేను తలూపేవాణ్ణి.

కానీ చివర రాసిన తీర్పుని క్షమించలేను. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఎస్టేటు రెండైంది. మా వైపు ఒరిస్సాలో కలిసింది, పాతపట్నం వైపు మద్రాసులోనే ఉండిపోయింది. ఆ గీత చూసుకుని ఎవరూ నాలుక మార్చుకోలేదు. మేం ‘ఏంటి’ అనం, ‘ఏటి’ అంటాం. శ్రీకాకుళంలోనూ ‘ఏటి’ అనే అంటారు. వాళ్లంటే యాస, మేమంటే రెంటికీ చెడ్డ భాషా? ఒడియా మాటలు కలుస్తాయి, కలవవా? ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కొండ దిగొచ్చిన సవర ఆదివాసులతో రెండూ కలిపి మాట్లాడితేనే ఇక్కడ రోజు గడుస్తుంది. గిడుగు రామమూర్తి 1880లో టీచరుగా చేరింది ఈ ఊళ్లోనే. సవర నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు చేసిందీ ఆయనే. జనం నోట్లో ఉన్నదే భాష అని ఆయన పట్టుబట్టాడు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మీరు తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటారు. ఆ రోజు ఆయన ఫోటోకి దండ వేసి, మిగతా రోజుల్లో ఆయన చెవులు విన్న తెలుగుని తెలుగే కాదంటారా?

మా పిల్లలు చాలామంది ఒడియా మీడియం. తెలుగు అక్షరాలు రావు, తెలుగు ఇంట్లో విని నేర్చుకున్నదే. మొన్న ఎనిమిదో తరగతి పిల్ల ఒకర్తి, వాళ్లమ్మ ఈ మెసేజీ పైకి చదివితే విని, మర్నాడు వచ్చి అడిగింది, “మనం మాటాడేది తెలుగు కాదా సార్?” అని.

నాకు కోపం వచ్చింది అక్కడే. మీ తాత చేలో నడిచేది దేనిమీదమ్మా అని అడిగాను. గట్టు మీద అంది. పండగయ్యాక అమ్మవారిని ఎక్కడిదాకా సాగనంపుతారు? పొలిమేర దాకా అంది. అవి ఏ భాష మాటలు? కాసేపు ఆగి, “మనవే” అంది.

బావమరిదికి ఇదంతా పంపాను. ఆ మెసేజీని వాళ్ల గ్రూపులోంచి ఈ రాత్రికే తీసేయమని కూడా అడిగాను.